గాఢనిద్రలో మెదడు అలలు.. అయస్కాంతంతో పుట్టించిన శాస్త్రవేత్తలు

మనిషి నిద్రపోతే మెదడు కూడా పని ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గాఢనిద్రలో మెదడు కణాలు పెద్ద సంఖ్యలో ఒకేసారి చురుగ్గా మారి, మళ్లీ ఒకేసారి మౌనంగా ఉండిపోతాయి. తలకు తీగలు అంటించి ఈఈజీ తీస్తే ఇది నెమ్మదిగా లేచిపడే పెద్ద అలల్లా కనిపిస్తుంది. వీటినే 'స్లో వేవ్స్' అంటారు. మెదడు అలసట తీరడానికి, పగలు నేర్చుకున్నది గుర్తుండిపోవడానికి ఇవి తోడ్పడతాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

అయితే ఆ మాట తేలాలంటే అలల్ని చూస్తూ కూర్చుంటే చాలదు, కావాలని పుట్టించి చూడాలి. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన గియులియో టొనోని, మార్సెల్లో మస్సిమినీ బృందం ఆ పనే చేసింది. నిద్రపోతున్నవారి తల దగ్గర కాయిల్ పెట్టి, క్షణకాలం అయస్కాంత శక్తిని పంపారు. ఈ పద్ధతి పేరు టీఎంఎస్. కోత ఉండదు, సూది ఉండదు. శక్తి పంపిన ప్రతిసారీ ఒక అల కాయిల్ కింద మొదలై మెదడు పైపొరంతా పాకింది. నిద్ర కూడా మరింత గాఢమైంది. ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి.

జ్ఞాపకశక్తి మాటేమిటి?

అంతకుముందు 2006లో జర్మనీలోని ల్యూబెక్ యూనివర్సిటీ పరిశోధకులు నిద్ర తొలిభాగంలో తలకు అతి తక్కువ కరెంటు పంపారు. పడుకునే ముందు నేర్చుకున్న జంట పదాలు పొద్దున మరింత బాగా గుర్తున్నాయి. కానీ తర్వాత జరిగిన పరిశోధనలన్నిట్లో అదే ఫలితం రాలేదు. కాబట్టి ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. మూర్ఛ ఉన్నవారికి, తలలో లోహపు పరికరాలు ఉన్నవారికి టీఎంఎస్ ప్రమాదం కూడా.

ఇంట్లో చేయగలిగింది

ఈ అలలు నిద్రపట్టిన మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. పిల్లల్లో బలంగా ఉంటాయి, వయసుతో తగ్గుతాయి. హిఫ్జ్ చేసే పిల్లలైనా, టెన్త్ పరీక్షలకు చదివేవారైనా రాత్రంతా మేల్కొంటే పోగొట్టుకునేది ఈ నిద్రే. ఇషా తర్వాత అనవసరమైన కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని హదీసుల్లో ఉంది. ఫోన్ పక్కన పెట్టి త్వరగా పడుకుంటే, ఫజర్‌కు లేచేలోపు మెదడుకు కావలసిన గాఢనిద్ర దొరుకుతుంది. దానికి ఏ మెషీనూ కొనక్కర్లేదు.