4.3 కీమోథెరపీకి విరామం

క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన తర్వాత చికిత్స లక్ష్యం మారుతుందని గత భాగంలో చదివారు. ఈ దశలో కీమోథెరపీ చాలామందిలో వ్యాధిని పూర్తిగా నయం చేయలేదు; దాని పెరుగుదలను అదుపు చేసి, జీవితకాలాన్ని పెంచుతుంది. మరి వ్యాధి అదుపులో ఉన్నప్పుడు కూడా మందు ఇస్తూనే ఉండాలా? పెద్దపేగు క్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

ఈ వ్యాధికి వాడే ముఖ్యమైన మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఒకటి. ఇది నరాలను దెబ్బతీస్తుంది. మొదట్లో చన్నీళ్లు తగిలితే వేళ్లు జివ్వుమంటాయి. విడతలు పెరిగేకొద్దీ చేతుల్లో, పాదాల్లో తిమ్మిరి స్థిరపడుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. మందు ఆపాక చాలామందికి కొంత తగ్గినా, కొందరికి మిగిలిపోతుంది. కుట్టుపని మీద బతికే మనిషి విషయంలో దీన్ని 'దుష్ఫలితం' అనే ఒక్క మాటతో సరిపెట్టలేం.

విరామం రెండు విధాలు. మొదటిది, ఆక్సాలిప్లాటిన్‌ను మాత్రమే ఆపి తోడు మందును కొనసాగించడం. 2006లో ప్రచురితమైన ఆప్టిమాక్స్-1 అధ్యయనంలో 620 మంది పాల్గొన్నారు. ఆరు విడతల తర్వాత ఆక్సాలిప్లాటిన్ ఆపి, కొంతకాలానికి మళ్లీ ఇచ్చినవారి జీవితకాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

రెండోది మందులన్నీ ఆపడం. అసలు చిక్కు ఇక్కడే. బ్రిటన్ కేంద్రంగా జరిగి 2011లో ప్రచురితమైన కాయిన్ అధ్యయనంలో 1,630 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి చికిత్స నిరంతరం సాగింది. రెండో వర్గంలో 12 వారాల తర్వాత మందులు ఆపి, వ్యాధి మళ్లీ పెరిగినప్పుడు మొదలుపెట్టారు. మధ్యగత జీవితకాలం మొదటి వర్గంలో 15.8 నెలలు, రెండో వర్గంలో 14.4 నెలలు. విరామ పద్ధతి నిరంతర చికిత్సకు తీసిపోదని ఈ అధ్యయనం నిరూపించలేకపోయింది. అయితే తీవ్రమైన నరాల సమస్య నిరంతర వర్గంలో 27 శాతం మందికి, విరామ వర్గంలో 5 శాతం మందికి వచ్చింది. చికిత్సకు ముందే రక్తంలో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్నవారికి విరామం నష్టం చేసినట్లు విశ్లేషణలో కనబడింది.

ఈ అంకెలను మీరు ఎలా చదువుతారు? 1.4 నెలలు ఒకరికి మనవరాలి పెళ్లి చూసే వ్యవధి కావచ్చు. ఇంకొకరికి అంతకంటే వేళ్లలో స్పర్శ, ఆసుపత్రి ముఖం చూడని కొన్ని వారాలు విలువైనవి కావచ్చు. ఈ లెక్క రోగిదే. మన ఇళ్లలో మాత్రం రిపోర్టు కొడుకు చేతికి వెళ్తుంది, నిర్ణయం వరండాలో జరిగిపోతుంది. ఇది సరైన పద్ధతి కాదు.

విరామమంటే వైద్యం మానేయడం కాదు. నొప్పికి, నీరసానికి చికిత్స సాగుతూనే ఉంటుంది. వైద్యుడు చెప్పిన వ్యవధుల్లో స్కాన్లు తీస్తారు. ఈలోగా నొప్పి పెరిగినా, బరువు తగ్గినా, కళ్లు పచ్చబడినా తర్వాతి తేదీ వరకు ఆగకూడదు. డాక్టరుకు చెప్పకుండా రోగి తనంతట తాను ఆసుపత్రికి వెళ్లడం మానుకుంటే, దాన్ని విరామం అనరు. మరో క్యాన్సర్‌కు ఈ ఫలితాలను యథాతథంగా వర్తింపజేయకూడదు కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఆక్సాలిప్లాటిన్ ఒక్కదాన్నే ఆపడానికి, మందులన్నీ ఆపడానికి ఉన్న తేడాను, పెద్దగా చదువుకోని ఒక రోగికి చెబుతున్నట్లుగా పది వాక్యాల్లో రాయండి.