అచంచల సంకల్పం

క్రీడారంగంలో ప్రత్యర్థిని జయించడం ఒక ఎత్తు. తన దేహంలోనే పొంచి ఉన్న వ్యాధిని జయించడం మరొక ఎత్తు. అమెరికాకు చెందిన గోల్ఫ్ క్రీడాకారుడు పాల్ ఏజింగర్ జీవితం ఇందుకు నిదర్శనం.

1960లో జన్మించిన ఏజింగర్ 1993 ఆగస్టులో గ్రెగ్ నార్మన్‌ను ఓడించి, గోల్ఫ్‌లోని నాలుగు అత్యున్నత పోటీలలో ఒకటైన పి.జి.ఏ. ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకున్నారు. ఆ ఆనందం నాలుగు నెలలైనా నిండకముందే ఆయన కుడి భుజఫలకంలో లింఫోమా అనే క్యాన్సర్ బయటపడింది. బంతిని కొట్టడానికి ఆధారమైన భుజమే వ్యాధికి నిలయమైంది.

క్యాన్సర్ కణాలను నశింపజేసే కీమోథెరపీ మందులు ఆరోగ్యకరమైన కణాలను కూడా బాధిస్తాయి. అందువల్ల జుట్టు రాలుతుంది, శక్తి సన్నగిల్లుతుంది. ఏజింగర్ ఆ బాధలను ఓర్చుకొని, రేడియేషన్ చికిత్సను కూడా పూర్తిచేసుకొని, 1994లోనే తిరిగి మైదానంలో అడుగుపెట్టారు. అయితే విజయం వెంటనే వరించలేదు. 2000లో హవాయి దీవులలో జరిగిన సోనీ ఓపెన్‌లో గెలిచేవరకు ఆయన ఐదేళ్లకు పైగా నిరీక్షించవలసి వచ్చింది. 2008లో ఆయన నాయకత్వాన అమెరికా జట్టు యూరప్‌ను ఓడించి రైడర్ కప్ సాధించింది.

చికిత్స ప్రాణాన్ని నిలిపింది. సహనం ఆ ప్రాణానికి సార్థకతను చేకూర్చింది.