టర్బో ఇంజిన్‌లో ఆయిల్ సమస్యలు: లోపాన్ని గుర్తించే క్రమం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• టర్బోచార్జర్‌కు ఇంజిన్ ఆయిల్ ఎందుకు ప్రాణాధారమో వివరించగలుగుతారు.
• ఆయిల్ తగ్గడం, కారడం, పొగ రావడం అనే లక్షణాల నుంచి కారణాన్ని క్రమంగా వెతకగలుగుతారు.
• టర్బోను మార్చాలని నిర్ణయించే ముందు చేయవలసిన పరీక్షలను వరుసగా చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఒక కారు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది. ఆయిల్ తరచుగా తగ్గుతోంది. టర్బో పోయిందని మెకానిక్ చెప్పాడు. యజమాని పెద్ద మొత్తం ఖర్చుపెట్టి కొత్తది వేయించుకున్నాడు. కొద్ది వారాలకే కొత్త టర్బో కూడా అదే విధంగా పొగ మొదలుపెట్టింది. ఇలాంటి కేసును తరగతిలో ఇచ్చినప్పుడల్లా చాలామంది విద్యార్థులు "రెండో టర్బో నాసిరకం" అని రాసేవారు. అది తొందరపాటు జవాబు. చాలా సందర్భాలలో టర్బో దోషి కాదు, బాధితురాలు. దానికి ఆయిల్ వచ్చే దారిలోనో, ఆయిల్ తిరిగి వెళ్లే దారిలోనో ఉన్న లోపం అలాగే మిగిలిపోయి, కొత్త టర్బోను కూడా దెబ్బతీస్తుంది.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి జపాన్‌కు చెందిన సుబారు ఇంప్రెజా డబ్ల్యుఆర్ఎక్స్ కారును ఉదాహరణగా తీసుకుందాం. ఇది 1992లో వచ్చింది. 1995లో కొలిన్ మెక్‌రే ఇంప్రెజా నడిపి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. దీని ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు నిలువుగా కాక, రెండేసి చొప్పున ఇరుపక్కలకు అడ్డంగా పడుకొని ఉంటాయి. ఈ కారు మన రోడ్లపై అరుదే. కానీ ఇక్కడ నేర్చుకునే సూత్రాలు మీరు రోజూ చూసే టర్బో డీజిల్ కార్లకు, లారీలకు కూడా వర్తిస్తాయి.

2. టర్బోలో ఆయిల్ చేసే పని

ఇంజిన్ నుంచి బయటకు పోయే వేడి వాయువులు టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి. అదే షాఫ్ట్‌కు రెండో చివర ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి పంపుతుంది. ఇంజిన్ నిమిషానికి 6,000 లేదా 7,000 చుట్లు తిరిగితే, ఈ షాఫ్ట్ లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో లోహం లోహానికి తగిలితే క్షణాలలో అరిగిపోతుంది. అందువల్ల షాఫ్ట్ పలుచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగేలా బేరింగులను రూపొందించారు. ఆయిల్ వేడిని కూడా మోసుకుపోతుంది.

ఇక్కడ రెండు దారులను గుర్తుంచుకోండి. ఆయిల్ సన్నని గొట్టం ద్వారా పంపు ఒత్తిడితో లోపలికి వస్తుంది. వెడల్పైన గొట్టం ద్వారా, కేవలం గురుత్వాకర్షణ వల్ల, కిందికి జారిపోతుంది. షాఫ్ట్ రెండు చివరల ఉన్న సీళ్లు రబ్బరువి కావు, సన్నని లోహపు రింగులు. ఆయిల్ ఎప్పటికప్పుడు కిందికి పోతున్నప్పుడే అవి దాన్ని ఆపగలుగుతాయి. వంటింటి సింకు తూము మూసుకుపోతే నీళ్లు అంచు మీదుగా పొర్లుతాయి. అప్పుడు సింకు పగిలిందని కొత్తది కొనం, తూము శుభ్రం చేస్తాం. టర్బో విషయంలోనూ ఇదే ఆలోచన అవసరం.

3. మొదటి మెట్టు: కొలవడం

"ఆయిల్ చాలా తాగుతోంది" అనేది ఫిర్యాదు మాత్రమే, కొలత కాదు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాల తరువాత డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి చూడండి. పై గుర్తు వరకు ఆయిల్ నింపి, కిలోమీటర్ల అంకె రాసుకోండి. ఉదాహరణకు 42,300 కి.మీ. వద్ద నింపారు. 43,100 కి.మీ. వద్ద తిరిగి పై గుర్తుకు తేవడానికి 600 మి.లీ. పట్టింది. అంటే 800 కి.మీ.కి 600 మి.లీ., లేదా 1,000 కి.మీ.కి 750 మి.లీ. ఈ అంకెను తయారీదారు మాన్యువల్‌తో పోల్చండి. మరమ్మతు తరువాత మళ్లీ ఇదే కొలత తీసుకుంటేనే సమస్య తీరిందో లేదో తెలుస్తుంది.

పై గుర్తును మించి ఆయిల్ పోయడం కూడా తప్పే. క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. టర్బో నుంచి ఆయిల్ దిగడానికీ ఆటంకం కలగవచ్చు.

4. రెండో మెట్టు: ఆయిల్ ఎటు పోతోంది?

(అ) బయటికి కారడం: డబ్ల్యుఆర్ఎక్స్‌లో సిలిండర్లు అడ్డంగా ఉన్నందువల్ల వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి కారిన ఆయిల్ కింద ఉన్న వేడి ఎగ్జాస్ట్ గొట్టం మీద పడుతుంది. నేల మీద చుక్క కనిపించకపోయినా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడిన వాసన వస్తుంది.

(ఆ) సిలిండర్‌లో కాలడం: నీలం పొగ ఎప్పుడు వస్తుందో గమనించండి. ఎత్తు దిగుతూ యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ నొక్కగానే వస్తే వాల్వ్ సీళ్లను, గైడ్లను అనుమానించాలి. బరువు లాగుతున్నంతసేపూ వస్తే పిస్టన్ రింగులను అనుమానించి, కంప్రెషన్ పరీక్ష, లీక్-డౌన్ పరీక్ష చేయాలి. పడుకున్న సిలిండర్ల ఇంజిన్‌లో, రాత్రంతా నిలిపిన తరువాత స్టార్ట్ చేసినప్పుడు కాస్త పొగ వచ్చి ఆగిపోతే, దాన్నిబట్టే ఇంజిన్ పాడైందని తీర్పు చెప్పకూడదు.

(ఇ) టర్బో ద్వారా పోవడం: చాలాసేపు ఐడిల్‌లో ఉండి, కదలగానే నీలం పొగ దట్టంగా వస్తే టర్బో వైపు చూడాలి.

5. మూడో మెట్టు: టర్బో పరీక్ష

ఇంజిన్ చల్లబడిన తరువాత గాలి గొట్టం విప్పి షాఫ్ట్‌ను వేళ్లతో కదపండి. పక్కలకు కొద్దిపాటి ప్లే సహజం. ఆయిల్ పొరకు ఆ ఖాళీ అవసరం. ముందుకు వెనక్కు స్పష్టంగా కదిలినా, చక్రం రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా బేరింగు అరిగినట్లు. గొట్టం లోపల పలుచటి ఆయిల్ తడి మాత్రం లోపం కాదు. క్రాంక్‌కేస్ ఆవిరి ఆ దారినే వస్తుంది.

బేరింగు అరిగిందని తేలినా పరీక్ష ముగియలేదు. ఎందుకు అరిగిందో వెతకాలి.

• వచ్చే దారి: కొన్ని డబ్ల్యుఆర్ఎక్స్ నమూనాలలో టర్బోకు ఆయిల్ పంపే దారిలోని బోల్టు లోపల చిన్న జాలీ ఉంటుంది. ఆయిల్ సమయానికి మార్చకపోతే మడ్డి చేరి ఆ జాలీ మూసుకుపోతుంది. ఆయిల్ అందక బేరింగు దెబ్బతింటుంది.
• వెళ్లే దారి: తిరుగు గొట్టం నలిగిందా, మాడిన ఆయిల్‌తో పూడిపోయిందా చూడండి.
• క్రాంక్‌కేస్ ఒత్తిడి: పీసీవీ వాల్వ్, బ్రీదర్ గొట్టాలు మూసుకుపోయినా, రింగులు అరిగినా లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ కిందికి దిగనివ్వదు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న టర్బో కూడా పొగ వదులుతుంది.

6. హెచ్చరిక

ఎర్రటి ఆయిల్ దీపం ప్రధానంగా పీడనం పడిపోయిందని చెబుతుంది. నడుస్తుండగా అది వెలిగితే వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. "షెడ్డు దగ్గరే కదా" అని ముందుకు పోనివ్వకండి. ఆయిల్ మట్టం సరిగానే ఉన్నా పీడనం పడిపోవచ్చు. ఈ ఇంజిన్లలో కొన్నింటిలో సంపు నుంచి ఆయిల్ పీల్చే గొట్టం పగిలి, పంపు ఆయిల్‌తో పాటు గాలిని లాగిన సందర్భాలు ఉన్నాయి.

సారాంశం

ముందు కొలవండి. తరువాత ఆయిల్ ఎటు పోతోందో తేల్చండి. చివరగా, చెడిన భాగం ఎందుకు చెడిందో కనుక్కోండి. ఈ మూడో ప్రశ్నకు జవాబు దొరకకుండా కొత్త టర్బో బిగిస్తే యజమాని డబ్బును రెండోసారి పణంగా పెట్టినట్లే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1,200 కి.మీ.కి 300 మి.లీ. ఆయిల్ తగ్గితే, 1,000 కి.మీ.కి ఎంత?
2. ఐడిల్ తరువాత నీలం పొగ వస్తోంది, షాఫ్ట్ ప్లే మాత్రం సరిగానే ఉంది. తరువాత ఏయే భాగాలను పరీక్షిస్తారు? కారణాలు రాయండి.
3. టర్బో సీళ్లు పనిచేయడానికి తిరుగు గొట్టం ఎందుకు ముఖ్యం?