మా హెరాల్డ్‌కి సినిమా ఛాన్సు ఎందుకు పోయింది?

సినిమాలో హీరో కారు దిగుతాడు. వెనక్కి తిరిగి చూడకుండానే తలుపుని వొక్క తోపు తోస్తాడు. ‘టక్’మని పడుతుంది. మనం ఈలలేస్తాం! ఆ ‘టక్’ శబ్దం చాలాసార్లు తరవాత రికార్డింగు థియేటర్లో కలిపిందే అయివుంటుంది. కానీ తలుపు మాత్రం కెమెరా ముందు నిజంగానే పడాలి. మొరాయించిందా... రీటేకే!

ఈ సంగతి నాకు మా యింటి ముందరే తెలిసొచ్చింది. తిరుపతిలో మాకు నాన్నగారు వదిలివెళ్ళిన స్టాండర్డ్ హెరాల్డ్ వొకటి వుంది. 1970 మోడల్, నాలుగు తలుపులది. చంద్రగిరి వైపు పాతకాలం కథేదో తీస్తున్న వొక యూనిట్టువాళ్ళకి పాత కారు కావలసివచ్చి, ఎవరో చెబితే మా యింటికొచ్చారు. రంగు చూశారు, భేషన్నారు. సీట్లు చూశారు, బ్రహ్మాండమన్నారు. ఆర్టు డిపార్టుమెంటు కుర్రాడు ఎడమవైపు ముందు తలుపు తీసి వేశాడు. పడలేదు. మళ్ళీ వేశాడు. పడిందిగానీ వెనక అంచు కిందికి జారి, పైన సందు పూర్తిగా మూసుకుపోయింది. కింద మాత్రం వేలు దూరేంత సందు!

“ఇందులోంచి హీరోయిన్ దిగాలి సార్... క్లోజప్!” అని నవ్వి వెళ్ళిపోయాడు. మేకప్ టెస్టులో ఫెయిలైన కొత్త నటిలా నిలబడిపోయింది మా బండి.

సరే, సినిమా ఛాన్సు పోతే పోయింది. అసలు బాధ అది కాదు.

అమ్మ చేసుకున్న ప్రతిజ్ఞ

మా అమ్మ పుట్టిల్లు చిత్తూరు. యేడాదికోసారి ఈ కారులోనే అక్కడికి వెళ్ళిరావడం నాన్నగారి కాలంనుంచీ వున్న ఆనవాయితీ. కిందటిసారి చంద్రగిరి దాటాక, వొక కుడి మలుపులో అమ్మ పక్కనున్న తలుపు తనంతట తానే తెరుచుకుంది. నా గుండె జారిపోయింది. బ్రేకు తొక్కాను. అదృష్టం, ఏమీ కాలేదు. అమ్మ వొక్క మాట కూడా అనలేదు. చిత్తూరు చేరేదాకా ఆ తలుపుని చేత్తో పట్టుకునే కూర్చుంది. తిరుగు ప్రయాణం మాత్రం బస్సులో! “ఆ తలుపు సరిగ్గా పడిన్నాడు చెప్పు, అప్పుడెక్కుతా” అంది.

వొక షాపులో చూపించాను. అక్కడ లాకు పట్టీని ఆకురాయితో అరగదీసి, నాలుగు దెబ్బలు వేసి, “అయిపోయింది” అన్నారు. మూడు నెలలు బాగానే వుంది. తరవాత మొదటికే వచ్చింది. ఆ తరవాతే రేణిగుంట రోడ్డులో టింకరింగ్ షెడ్డు నడిపే వొక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన తలుపుని ముట్టుకోనేలేదు. కారు చుట్టూ వొకసారి తిరిగి, నేలమీద పడుకుని కిందికి తొంగి చూశాడు. “తలుపుదేం తప్పు లేదు నాయనా. ఇల్లు వొరిగితే వాకిలి యెట్ల పడతాది?” అన్నాడు.

మద్రాసు పిల్ల

ఆ మాట అర్థం కావాలంటే హెరాల్డ్ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి. ఇటలీ డిజైనరు మికెలోటి రూపం దిద్దగా, ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో 1959లో వచ్చిందిది. మన దేశంలో 1961నుంచి మద్రాసు దగ్గర తయారైంది. మన తెలుగు సినిమా మద్రాసులో వున్న రోజులవి! సావిత్రిగారికి కార్లంటే ఎంత మోజో 2018లో వచ్చిన ‘మహానటి’ చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. 1971 దాకా హెరాల్డ్, ఆ తరవాత దాని చెల్లెలు గెజల్ వచ్చాయి.

అంబాసిడర్, ఫియట్ కార్లలో బాడీ అంతా వొకటే పెట్టె. వాటికి విడిగా ఛాసిస్ వుండదు. హెరాల్డ్ అట్లా కాదు. కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. ఆ బాడీ కూడా ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిందే. రెండింటి మధ్యా అక్కడక్కడ ప్యాకింగులుంటాయి. వాటిలో వొకటి చివికి పలచబడితే అక్కడ బాడీ దిగుతుంది. దాంతో తలుపు పక్కనున్న స్తంభం వొరుగుతుంది. మా కారులో జరిగింది అదే! సందు పైన మూసుకుని కింద తెరుచుకుందంటే ఆ స్తంభం వొరిగిందన్నమాట. నేనేమో ఇన్నాళ్ళూ తలుపునే తిట్టుకుంటున్నాను.

రెండు రోజుల షూటింగు

మేస్త్రీ పని వరస చూస్తే మంచి డైరెక్టరు షాట్లు పెట్టినట్టుంది. ముందు కారుని చదునైన చోట నాలుగు చక్రాలమీదే నిలబెట్టి, టైర్లలో గాలి సరిచేశాడు. “జాకీ మీద లేపి సందులు చూస్తే అబద్ధం చెప్తాది” అన్నాడు. బరువు పడే తీరు మారితే సందూ మారుతుందట. తరవాత రబ్బరు బీడింగు, లాకు పట్టీ రెండూ విప్పేశాడు. తలుపు దేనికీ ఆనకుండా బందుల మీద మాత్రమే వేలాడితేనే దాని అసలు రూపం బయటపడుతుంది.

అప్పుడు తలుపు బార్లా తెరిచి, చివర పట్టుకుని పైకెత్తాడు. పై బందు దగ్గర కటకటమంది. బందు సూది అరిగిపోయింది. దాన్ని మార్చాడు. బాడీ బోల్టులు వదులు చేసి, స్తంభం కింద చివికిన ప్యాకింగు తీసేసి కొత్తది పెట్టి, పలచటి ఇనప బిళ్ళలు వొక్కొక్కటే చేర్చాడు. బిళ్ళ పెట్టడం, బిగించడం, సందు చూడడం... మూడో బిళ్ళకి పై సందు తెరుచుకుంది!

తరవాత ముందు తలుపు పట్టుకుంటాడనుకున్నాను. వెనక తలుపు పట్టుకున్నాడు. దాని వెనకున్న బాడీ కదలదు కాబట్టి వెనక తలుపుని దానికి సరిచేసి, ముందు తలుపుని వెనక తలుపుకి సరిచేయాలట. మొసలి నోరులా లేచే హెరాల్డ్ బానెట్ వంతు అన్నిటికన్నా ఆఖర్న.

బందుల చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు, తప్పితే పాత చోటికి రావచ్చని. బోల్టులు పూర్తిగా విప్పకుండా కాస్త వదులు చేసి, తలుపు చివర కింద చెక్కముక్క, దాని కింద జాకీ పెట్టి వెంట్రుకవాసి లేపాడు. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీని సందు పొడవునా జరుపుతూ చూశాడు. “సన్నంగా వుండాల్సిన పని లేదబ్బా, పై నుంచి కింది దాకా వొకటే మాదిరి వుండాల” అన్నాడు. తరవాత కళ్ళు మూసుకుని అరచేతిని వెనక తలుపు మీదనుంచి ముందు తలుపు మీదికి పోనిచ్చాడు. ఎత్తుపల్లాలు కంటికన్నా చేతికే బాగా తెలుస్తాయట.

లాకు పట్టీ ఆఖర్న బిగించాడు. దాని పని మూసిన తలుపుని పట్టుకోవడమే గానీ జారిన తలుపుని ఎత్తడం కాదు. మొదటి షాపులో జరిగిన పొరపాటు అదే. బీడింగు తొడిగాక తలుపు సందులో కాగితం పెట్టి మూసి, లాగి చూశాడు. అన్ని చోట్లా వొకే పట్టు! “తలుపు అడుగున బెజ్జాలుంటాయి, మట్టితో మూసుకోనీకు. నీళ్ళు నిలిస్తే తుప్పు పడతాది” అని హెచ్చరించి పంపాడు.

టేక్ ఓకే!

ఇంటికొచ్చి, అమ్మని పిలిచి తలుపు వేసి చూపించాను. ఆమె నన్ను పక్కకి తప్పుకోమని తనే తీసి, రెండు వేళ్ళతో తోసింది. ‘టక్’!

ఆ ఆదివారమే బయలుదేరాం. నాగయ్యగారి పేరు ముందు నిలిచిన చిత్తూరికి! చంద్రగిరి దాటాక ఆ కుడి మలుపు వచ్చింది. నేను వేగం తగ్గించి, ఓరకంట అమ్మ వైపు చూశాను. తలుపు కదల్లేదు. అమ్మ చేతులు రెండూ వొళ్ళోనే వున్నాయి.

యూనిట్టువాళ్ళు మళ్ళీ రాలేదు. రాకపోతే పోనీ! మీరు మాత్రం ఈసారి తెరమీద పాత కారు కనిపిస్తే హీరోనే కాదు, వొక్క క్షణం ఆ తలుపు సందు కూడా చూడండి. పై నుంచి కింది దాకా వొకే మాదిరి వుంటే, దాని వెనక ఎక్కడో వొక మేస్త్రీ నేలమీద పడుకుని తొంగి చూసివుంటాడు.