ఒంటరి బాటసారి – సాన్ హోసే నగరము

అనకాపల్లి స్టేషనులో రైలు దిగిన క్రొత్త మనిషి ఒక ఇంటి జాడ అడిగినచో, ఊరివారు ఇంటి నంబరు చెప్పరు. "నూకాలమ్మ గుడి దాటి, రావిచెట్టు దగ్గర తిరుగవలెను" అని గుర్తులు చెప్పుదురు. ఆ చెట్టు కూలి ఎన్నో ఏండ్లయినను, దాని పేరు మాత్రము నిలిచియుండవచ్చును. ఇది ఊరివారికి సులభము, క్రొత్తవానికి కష్టము. అతడు అడుగడుగునకు అడుగుచు పోవలెను. భూగోళమునకు ఆవలి వైపున ఒక రాజధాని నగరమున చిరునామాలన్నియు ఇట్లే చెప్పుదురు. అది మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు ముఖ్యపట్టణము, సాన్ హోసే. ఒంటరి ప్రయాణమునకు కావలసిన విద్య యేదో ఆ నగరము చక్కగా నేర్పును.

పూర్వము దూరప్రయాణము ఒంటరిగా చేయువారు తక్కువ. ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణము నుండి కాశీయాత్రకు పెద్ద పరివారముతో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. ఆనాటి దారులలో దొంగల భయము, రోగభయము ఉండుటచే పదిమందితో పోవుటయే క్షేమమని తలచిరి. నేడు విమానములును టెలిఫోనులును దారిని సుగమము చేసినవి. పురుషులేగాక స్త్రీలును ఒంటరిగా ఖండములు దాటుచున్నారు. అయినను ఒంటరితనములోని చిక్కులు తొలగిపోలేదు. మూట కాచుటకు తోడు లేదు. జ్వరము వచ్చినచో మందు తెచ్చువారు లేరు. దారి తప్పినచో "ఇటు కాదు, అటు" అనువారు లేరు. అందుకు బదులుగా ఒక లాభము కలదు. గుంపులో పోవువాడు తనవారితోనే మాటలాడును. ఒంటరివాడు ఊరివారితో మాటలాడక తప్పదు.

సాన్ హోసే సముద్రమట్టమునకు సుమారు 1,170 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఒక లోయలో ఉన్నది. 1823 నుండి అది రాజధాని. భూమధ్యరేఖకు అనకాపల్లి కంటె చేరువగా ఉన్నను, ఎత్తైన తావగుటచే అక్కడ మండు వేసవి లేదు. మే మొదలు నవంబరు వరకు వానకాలము. ప్రొద్దున ఎండ కాసి, మధ్యాహ్నము దాటిన పిదప వాన కురియుట పరిపాటి. కావున తెలిసిన బాటసారి తిరుగవలసిన తావులన్నియు ఉదయమే తిరుగును. భారతదేశము నుండి నేరుగా విమానము లేదు. ఐరోపాలోనో ఉత్తర అమెరికాలోనో మారవలెను. అక్కడి గడియారము మన గడియారము కంటె పదకొండున్నర గంటలు వెనుక నడచును. అనకాపల్లిలో సాయంకాలము ఆరు గంటలైనప్పుడు అక్కడ ఉదయము ఆరున్నర. ఇంటివారితో మాటలాడు వేళను ముందుగా నిర్ణయించుకొనవలెను. లేనిచో ఒకరు మేల్కొన్నప్పుడు మరియొకరు నిద్రలో ఉందురు.

నగరపు నడిబొడ్డున వీధులు చదరంగపు గళ్ళవలె తీర్చియున్నవి. తూర్పు పడమరలుగా పోవు వీధులను అవెనీదాలనియు, ఉత్తర దక్షిణములుగా పోవువానిని కాయేలనియు అందురు. నడిమి అవెనీదాకు ఉత్తరమున బేసి సంఖ్యలు, దక్షిణమున సరి సంఖ్యలు. ఈ లెక్క తెలిసినచో దారి తెలిసినట్లే అని తోచును. కాని ఊరివారు ఈ సంఖ్యలను అంతగా పాటింపరు. "చర్చి నుండి నూరు మీటర్లు ఉత్తరమునకు, ఏబది మీటర్లు తూర్పునకు" అని చెప్పుదురు. నూరు మీటర్లనగా కొలిచిన దూరము కాదు, ఒక వీధి మలుపు నుండి తరువాతి మలుపు వరకని అర్థము. కొన్ని గుర్తులు ఇప్పుడు కానరావు. సాన్ పేద్రో అను తూర్పు భాగమున ఒక పెద్ద అత్తిజాతి వృక్షముండెను. అది పోయినను "పాత అత్తిచెట్టు నుండి" అనుట మానలేదు. కొకా కోలా కర్మాగారము ఒకప్పుడున్న తావును ఇప్పటికిని ఆ పేరనే పిలుతురు. ఇప్పుడక్కడ ఉన్నది బస్సుల నిలయము.

ఇట్టి ఊరిలో పటము చేత పట్టుకొని, ఎవరిని అడుగుటకును సిగ్గుపడి తిరుగువాడు అలసిపోవును. అడుగువాడు గమ్యము చేరును. అడుగుటకు నాలుగు స్పానిషు మాటలు చాలును. "పోర్ ఫవోర్" అనగా దయచేసి. "దోందే ఎస్తా" అనగా ఎక్కడ ఉన్నది. "గ్రాసియాస్" అనగా కృతజ్ఞతలు. నాల్గవది "ఉస్తేద్". అది మన "మీరు" వంటిది. కోస్టారికావారు స్నేహితులను, పసిపిల్లలను సైతము తరచుగా ఈ మాటతోనే పలుకరింతురు. మర్యాద నెరిగిన బాటసారికి వారి మర్యాద లభించును.

చూడదగినవానిలో జాతీయ నాటకశాల ఒకటి. 1897లో ప్రారంభమైన ఆ భవనమునకు కాఫీ ఎగుమతిపై పన్ను విధించి ధనము కూర్చిరి. జాతీయ మ్యూజియము ఒకప్పుడు సైనికుల కోట. 1948 డిసెంబరు 1వ తేదీన హోసే ఫిగేరెస్ ఆ కోటగోడపై సమ్మెటతో కొట్టి, దేశమునకు ఇక సైన్యము లేదని ప్రకటించెను. 1949 నాటి రాజ్యాంగము దానిని స్థిరపరచెను. తుపాకుల తావున నేడు ప్రాచీనులు చెక్కిన రాతిగోళములున్నవి. విద్యార్థులు వాని చుట్టు చేరి పాఠములు వ్రాసికొందురు.

అయినను, అనకాపల్లి నుండి వచ్చినవానిని నిలువరించునది 1880లో నెలకొన్న మెర్కాదో సెంత్రాల్ అను నడిబజారు. ఇరుకు సందులలో కూరలు, మూలికలు, తోలు వస్తువులు అమ్ముదురు. ఒక అంగడిలో గోధుమవర్ణపు గట్టి దిమ్మలు పేర్చియుండును. వానిని "తాపా దే దుల్సే" అందురు. అది బెల్లమే! చెరకు రసమును పెనములో కాచి, అచ్చులలో పోసి తీసినదే. 1493లో కొలంబసు రెండవ ప్రయాణమున చెరకు అమెరికా దీవులకు చేరెను. పిదప అది ఆ ఖండమంతయు వ్యాపించెను. అక్కడివారు బెల్లమును వేడినీటిలో కరగించి "ఆగ్వా దుల్సే" అని త్రాగుదురు. శ్రీరామనవమి పానకమునకు అది దూరపు చుట్టము. అయితే మిరియములు, ఏలకులు లేవు. పేరొందిన బెల్లపు విపణియును, 1913 నుండి చెరకు పరిశోధనయును గల ఊరివాడు అక్కడ ఒక దిమ్మను చూపి, "మా ఊరిలోను ఇదే" అని సైగ చేసినను చాలును. అంగడివానికిని అతనికిని మాటలు కలియును.

అందరితో మాటలాడుట మంచిదే కాని, అందరిని నమ్ముట వివేకము కాదు. రద్దీగల బజారులలోను బస్సు నిలయములలోను జేబుదొంగలుందురు. పాస్‌పోర్టును బసలో భద్రపరచి, నకలు వెంట నుంచుకొనవలెను. ఆ దినమునకు చాలినంత ధనమే తీసికొనవలెను. చీకటిపడిన తరువాత కాలినడక మాని టాక్సీ ఎక్కవలెను. అనుమతిగల టాక్సీలు ఎర్రగా ఉండి, తలుపులపై పసుపుపచ్చని త్రిభుజము కలిగియుండును. బస యొక్క గుర్తులను స్పానిషులో కాగితముపై వ్రాయించుకొని దాచుకొనవలెను. ఆపద కలిగినచో 911 సంఖ్యకు ఫోను చేయవలెను. భయపడువానికి కాదు, జాగరూకునికే ఊరు తన ముఖము చూపును.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అను సామెత ఊరిలోనివారికే కాదు, ఊరు విడిచినవారికిని వర్తించును. ఒంటరిగా తిరిగి వచ్చినవాడు తాను చూచిన భవనములను మరచిపోవచ్చును. దారి తప్పిన వేళ వెంట నడచి మలుపు చూపిన మనిషిని మరువడు. అనకాపల్లి స్టేషను ముందు క్రొత్తవాడెవడైనను చిరునామా పట్టుకొని నిలిచినచో, అట్టివాడు గుర్తులు చెప్పి ఊరకుండడు. నూకాలమ్మ గుడి దాకా తానే వెంట నడచును.