తాబేలు పిల్లకు ఎండ ఒక్కటే చాలదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే ఆఫ్రికా సల్కాటా తాబేలు పిల్లను తెచ్చుకునే వాళ్లు చాలామంది 'ఎడారి జంతువే కదా, మన ఎండలు దానికి సరిపోతాయి' అనుకుంటారు. నిజానికి ఈ పిల్లలు ఎక్కువగా చనిపోయేది చలితో కాదు, ఒళ్లు ఎండిపోయి. సహారా అంచున ఉండే ఈ తాబేళ్లు ఎండ పూట లోతైన బొరియల్లో, తడి మట్టిలో దాక్కుంటాయి. మనం ఇంట్లో కట్టాల్సింది ఎడారిని కాదు, ఆ బొరియను.

ముందు చట్టం తెలుసుకోవాలి

వీపు మీద చుక్కల్లాంటి గీతలుండే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. అదృష్టం తెస్తుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. చెరువుల్లో, కాలువల్లో దొరికే మన నీటి తాబేలుకూ ఇదే వర్తిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం షెడ్యూల్ 1 జంతువుల కేసుల్లో 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

సల్కాటా విదేశీ జాతి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కొన్న 30 రోజుల్లోపు పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. అమ్మేవాళ్లు కాగితాలు చూపకపోతే కొనొద్దు. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు మనోళ్లు పర్మిట్ లేకుండా పెట్టెలో పెట్టుకుని తెస్తే అది స్మగ్లింగే.

ఇంటి లోపల గూడు

పిల్లకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్క పెట్టె గానీ పెద్ద ప్లాస్టిక్ టబ్బు గానీ చాలు. గాజు తొట్టి వద్దు. అవతలిది కనిపిస్తుంటే పిల్ల పొద్దంతా గోడను గీకుతూనే ఉంటుంది. అడుగున కొబ్బరి పొట్టు, మందులు తగలని మట్టి కలిపి నాలుగు అంగుళాల మందం పరవాలి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. ఇసుక ఒక్కటే పోస్తే తిండితో పాటు కడుపులోకి పోయి పేగులకు అడ్డుపడుతుంది.

ఒక మూల బల్బు పెట్టి, దాని కింద 35 డిగ్రీల వేడి ఉండేలా చూడాలి. రెండో మూల 27 డిగ్రీల దగ్గర ఉండాలి. అప్పుడే వేడి కావాలంటే ఇటు, చల్లదనం కావాలంటే అటు పోతుంది. సగానికి కోసిన మట్టి కుండను బోర్లిస్తే మంచి దాగుడు చోటు. దాని లోపల మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. 2003లో ఆస్ట్రియా పరిశోధకులు సల్కాటా పిల్లల మీద చేసిన అధ్యయనంలో, డిప్ప మీద బుడిపెలు లేవడానికి ముఖ్య కారణం పొడి గాలి అని తేలింది. అందుకే గూట్లో తేమ 70, 80 శాతం ఉండాలి. కూలర్ గాలి, ఫ్యాన్ గాలి సూటిగా తగలొద్దు.

ఎముక, డిప్ప గట్టిపడాలంటే యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో అవి దాదాపు ఉండవు. యూవీబీ ట్యూబు రోజుకు 10, 12 గంటలు వెలగాలి. కంపెనీ చెప్పిన గడువుకు దాన్ని మార్చాలి. రోజూ గోరువెచ్చని నీళ్లలో, గడ్డం మునగనంత లోతులో, 15 నిమిషాలు కూర్చోబెట్టాలి.

వాకిట్లో కంచె

పొద్దున తొమ్మిది లోపు ఒక గంట బయట వదిలితే ఏ ట్యూబూ ఇవ్వని మేలు జరుగుతుంది. స్లాబు మీద, రేకుల కింద మాత్రం వద్దు. మన వేసవిలో అక్కడ కొద్దిసేపట్లోనే ప్రాణం పోతుంది. కంచెలో సగం ఎప్పుడూ నీడలో ఉండాలి. గోడ రెండడుగుల ఎత్తు లేపి, అడుగు లోతు పాతాలి, ఎందుకంటే ఇది తవ్వే జంతువు. కాకులు, కుక్కలు, ముంగిసలు, కోతులు ఉన్న ఊర్లలో పైన ఇనుప జాలి తప్పదు. వానాకాలం నీళ్లు నిలవకుండా నేలకు వాలు ఇవ్వాలి. చలికాలం రాత్రుళ్లు లోపలే ఉంచాలి. కరెంటు పోతే వేడికి ఏం చేయాలో ముందే అనుకోవాలి.

మేతకు గరిక, మందారం ఆకులు, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మంచివి. అన్నం, రొట్టె, పాలు, పండ్లు పెట్టొద్దు. పసుపు చేన్ల, వరి పొలాల గట్ల మీది గడ్డి కోయొద్దు, దానికి పురుగుమందు తగిలి ఉంటుంది.

ఇది మీ తర్వాత కూడా బతుకుతుంది

అరచేతిలో పట్టే ఈ పిల్ల పెరిగితే 40, 50 కిలోల జంతువు అవుతుంది. 70 ఏళ్లకు పైగా బతకగలదు. అప్పుడు దానికి టబ్బు కాదు, పెరడు కావాలి. పిల్లలు అడిగారని కొనే ముందు, ఆ పిల్లలు చదువుకో, దుబాయికో పోయాక ఎవరు చూస్తారో ఇంట్లో మాట్లాడుకోండి. పెంచలేకపోతే చెరువులోనో బావిలోనో వదలొద్దు. నేల తాబేలుకు ఈత రాదు, మునిగి చస్తుంది. జిల్లా అటవీ శాఖ ఆఫీసును అడిగితే దారి చెబుతారు.