పింఛను మొదలైంది, నడక ఆగింది

మాది హిమాయత్‌నగర్ అని చెప్తే మన క్లాసులో అందరూ "ఓ, లిబర్టీ దగ్గరా?" అంటారు. కాదు. మాది మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లాలో ఉన్న హిమాయత్‌నగర్. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు మార్గంలో వస్తుంది. 1956 దాకా మేమూ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. ఇప్పుడు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు.

మా తాత, అంటే అమ్మ వాళ్ల నాయిన, రైల్వేలో ముప్పై ఏండ్లు కీమన్‌గా పనిచేసిండు. పొద్దున్నే సుత్తి, పానా భుజాన వేసుకుని, తనకు అప్పగించిన పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులు బిగిస్తూ పోయి రావడం కీమన్ పని. అరవై నిండగానే రిటైరైండు. రెండేండ్లు తిరగకముందే పాత చొక్కాల గుండీలు పట్టలేదు. ఆ తర్వాత షుగర్ బయటపడింది. చూడవచ్చినవాళ్లు మాత్రం "సుఖం దొరికింది, ఒళ్లు చేసిండు" అన్నారు. షుగర్‌కు వయసు, వంశం కూడా కారణాలే. కానీ రిటైరైనంక ఒళ్లు రావడం నిజంగా సుఖమేనా అని నాకు అనుమానం వచ్చి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి మామూలుగా గంటసేపు నడిస్తే సుమారు 200 కిలోకేలరీలు ఖర్చవుతాయి. రోజూ గంటలకొద్దీ నడిచి, వంగి, సుత్తి ఎత్తిన మనిషికి ఆ ఖర్చు ఒక్క తారీఖుతో ఆగిపోతుంది. ఆకలి మాత్రం రిటైర్ కాదు. కంచంలో రొట్టెలు అవే ఉంటాయి. పైగా డ్యూటీలో చాయ్‌కి ఒక టైం ఉండేది. ఇంట్లో ఎవరు వచ్చినా చాయ్, దాంతో పాటు ఏదో ఒకటి నమలడానికి. రోజుకు 100 కిలోకేలరీలు మిగిలినా నెలకు 3000 అవుతాయి. కాగితం మీది లెక్కంత కచ్చితంగా ఒంట్లో జరగదు గానీ, మిగిలింది ఎటు పోతుందో మనకు తెలుసు.

అయితే రిటైరైన వాళ్లంతా లావెక్కరు. ఏ పని నుంచి దిగారన్నది ముఖ్యం. నెదర్లాండ్స్‌లో మగవాళ్ల మీద జరిపిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. కూర్చుని చేసే ఉద్యోగం మానినవాళ్ల కంటే ఒళ్లు కదిలించే ఉద్యోగం మానినవాళ్లకే బరువు, నడుము చుట్టుకొలత ఎక్కువ పెరిగాయని అందులో తేలింది. 2009 నాటి ఒక అమెరికా అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది. సగటున పెరిగిన బరువు కొంచెమే. కానీ కష్టం చేసి దిగినవాళ్లలో, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లలో అది ఎక్కువ. అంటే కుర్చీలో కూర్చున్న ఆఫీసరు కంటే పట్టాల మీద నడిచిన మా తాతకే ప్రమాదం ఎక్కువన్నమాట.

ఉద్యోగ విరమణ చెడ్డదని దీనర్థం కాదు. రిటైరైన తర్వాత నిద్ర సుమారు 20 నిమిషాలు పెరుగుతుందని ఫిన్లాండ్‌లో గమనించారు. అలారం లేదు, పైఅధికారి లేడు. నైట్ డ్యూటీలు చేసినవాళ్లకు ఇది చిన్న వరం కాదు. ఇంకో సంగతి, విరమణ తారీఖును ఒళ్లు నిర్ణయించదు. మా ఊళ్లో జిల్లా పరిషత్ టీచరు 58కే దిగిపోతారు. సరిహద్దు దాటి ఆదిలాబాద్ పోతే 2021 నుంచి అది 61. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62. ఒకే వయసు, ఒకే ఓపిక ఉన్న ఇద్దరిలో ఒకరు బడిలో నిలబడి పాఠం చెప్తుంటే, ఇంకొకరు ఇంట్లో టీవీ ముందు ఉంటారు.

"మా నాన్న బరువు పెరగలేదు, ఏ ఢోకా లేదు" అనుకునేవాళ్లు కూడా ఆగి చూడాలి. నడివయసు దాటాక కండ పదేండ్లకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతుందంటారు. అరవై తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుంది. కండ పోయి ఆ చోట కొవ్వు చేరితే బరువు మారదు. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే కాబట్టి షుగర్ మాత్రం పెరుగుతుంది. మనవాళ్లలో ఈ సమస్య మరీ ఎక్కువ. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే అచ్చు వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! అందుకే మనవాళ్లకు తూకం కంటే టేపు నయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

మరి అమ్మమ్మ సంగతి? ఆమెకు రిటైర్మెంట్ ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. తాత ఇంట్లో కూర్చున్న రోజు నుంచి ఆమెకు చాయ్‌లు, వంటలు పెరిగాయి. తాతకు ఒళ్లు వస్తుంటే ఆమె చిక్కిపోయింది. ముసలితనంలో కావాలని కాకుండా బరువు తగ్గడం కూడా ప్రమాదమే. ఆరు నెలల నుంచి ఏడాది లోపు 5 శాతం తగ్గితే డాక్టరుకు చూపించాలి. కూలికి పోయే ఆడవాళ్లకైతే పింఛనూ లేదు, విరమణా లేదు. ఒంట్లో ఓపిక అయిపోయిన రోజే వాళ్ల రిటైర్మెంట్.

ఏం చేయాలి? 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటి శ్రమ, రెండు రోజులు కండకు బలమిచ్చే కసరత్తు, మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోవడం కూడా కసరత్తే. షుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. రొట్టె ఒకటి తగ్గించినా పప్పు, పెరుగు, గుడ్డు తగ్గించొద్దు. కండకు కావాల్సింది అవే.

చెప్పడం తేలికే. అమ్మ "నాయినా, పొద్దున కొంచెం నడువరాదే" అంటే తాత "ముప్పై ఏండ్లు నడిచిన బిడ్డా, ఇంకా యాడికి నడువాలె?" అన్నడు. ఆ మాటలో నిజముంది. నడక ఆయనకు కూలి, ఆరోగ్యం కాదు. ఊరికే నడవడం ఆయనకు పని లేనితనంలా అనిపించింది. అందుకే ఇప్పుడు మామయ్య కొడుకును బడికి దింపి, పరమేశ్వర్ గుడి మీదుగా పాలు తీసుకుని రావడం తాత డ్యూటీ అయింది. పొట్ట పెద్దగా తగ్గలేదు గానీ ఒక్క రోజు కూడా నాగా పెట్టడు.

మీ ఇంట్లో రిటైరైనవాళ్లకు "నడువు" అని చెప్పేముందు, ఎక్కడికి, ఎందుకు నడవాలో కూడా ఆలోచించండి. వాళ్లకు ఉద్యోగం ఇన్నాళ్లు ఇచ్చింది జీతం ఒక్కటే కాదు, పొద్దున లేచి పోవడానికి ఒక చోటు కూడా.